హంబోల్టు మహాశయుడు: అగ్నిపర్వతములు, అయస్కాంత సూచి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరిరి. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయగల సమర్థులు మన గ్రామమున పలువురు కలరు గనుక, నేను కొలతలు కొలిచిన ఒక మనుష్యుని ఎంచుకొంటిని. గ్రామ లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు అట్టివానియందు పక్షపాతము సహజము. ఆయన పేరు అలెగ్జాండర్ వాన్ హంబోల్టు. జర్మనీ దేశీయుడు. ఒక సముద్ర ప్రవాహమునకును, ఒక నదికిని, పెక్కు కొండలకును, పట్టణములకును నేటికిని ఆయన పేరు కలదు. ఆయన చేసిన పనులన్నియు చెప్పవలెనన్న ఈ సంచిక యంతయు చాలదు. నిప్పులు గ్రక్కు కొండల యొద్దకు ఆయన అయస్కాంతపు ముల్లును ఏల మోసికొనిపోయెను, అందువలన ఏమి తెలిసెను, ఏమి తెలియక మిగిలెను, ఆ మిగిలినదానిని నేడు విమానములు ఎట్లు తెలిసికొనుచున్నవి అనునంతవరకే నేను చెప్పబూనినది.

హంబోల్టు 1769వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి ప్రష్యా రాజు కొలువున ఉద్యోగి. కుమారునకు పదియవ యేట ఆయన గతించెను. తల్లి ధనవంతురాలు, కఠినురాలు. కుమారులిద్దరును సర్కారు ఉద్యోగములలో చేరవలెనని ఆమె పట్టుదల. పెద్దవాడు విల్హెల్ము భాషాశాస్త్రవేత్తయై, బెర్లినులో విశ్వవిద్యాలయమును స్థాపించి, సంస్కృతము నేర్చి, మన భగవద్గీతపై 1825వ సంవత్సర ప్రాంతమున వ్యాఖ్యానముగా ఉపన్యాసములు చదివెను. చిన్నవాడైన మన అలెగ్జాండరునకు మాత్రము చిన్ననాటినుండియు ఆకులు, పురుగులు, రాళ్లు ఏరితెచ్చి ఇల్లు నింపుటే పని. ఇంటివారు పరిహాసముగా అతనిని చిన్న మందుల దుకాణదారుడని పిలిచెడివారు.

ఆ కాలమున రాళ్లను గూర్చి పండితులలో గొప్ప వివాదము నడుచుచుండెను. బసాల్టు అను నల్లరాయి ఎట్లు పుట్టినది? ఆదిలో భూమినంతను కప్పియుండిన మహాసముద్రమునుండి మడ్డివలె అడుగునకు దిగి గట్టిపడినదని ఒక పక్షము. భూగర్భమునుండి కరగి పొంగి వచ్చిన శిలాద్రవము చల్లారి ఏర్పడినదని రెండవ పక్షము. నీటి పక్షమునకు నాయకుడు ఫ్రైబర్గు గనుల విద్యాలయమున ఆచార్యుడైన వెర్నర్. ఆయన మాటకు ఐరోపా అంతటను తిరుగులేదు. అగ్నిపర్వతములన్నచో భూమిలోని బొగ్గుపొరలు అంటుకొని మండుటయే గాని వేరు కాదని ఆయన బోధించెను. హంబోల్టు తన యిరువదియొకటవ యేట, 1790లో ప్రకటించిన మొదటి పుస్తకము రైను నదీతీరమందలి బసాల్టులను గూర్చినదే. అందు అతడు నీటి పక్షముననే నిలిచెను. మరుసటి యేడు ఫ్రైబర్గునకు పోయి వెర్నర్‌కు శిష్యుడయ్యెను. గురువు మాటను శిష్యుడు ఎట్లు దాటవలసి వచ్చెనో ముందు చెప్పెదను.

చదువు ముగియగానే 1792లో అతనికి గనుల తనిఖీ ఉద్యోగము దొరకెను. ఐదేండ్లు ఆ ఉద్యోగమును మిక్కిలి శ్రద్ధతో చేసెను. గనులలో విషవాయువు వలన దీపమారి మనుష్యులు చచ్చుట చూచి, అట్టి చోట్ల వెలుగు దీపమును, ఊపిరి పీల్చు సాధనమును కల్పించెను. వాటిని మొదట తానే గనిలోనికి దిగి పరీక్షించెను. ష్టేబెను అను గ్రామమున గనికూలీల కొఱకు తన సొంత సొమ్ముతో 1793లో ఒక పాఠశాల తెరచెను. పైఅధికారులకు ముందుగా తెలుపకయే తెరచెను. సర్కారు ఉద్యోగములో నున్నవారికి ఇది ఎంతటి సాహసమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ తనిఖీలలోనే 1796లో హైడ్‌బర్గు అను చిన్న గుట్టపై అతడు ఒక వింత చూచెను. చేతిలోని దిక్సూచి ఉత్తరమును విడిచి పిచ్చిపట్టినట్లు తిరిగెను. గుట్టకు ఒక వాలున ముల్లు యొక్క ఒక కొనను, ఎదుటి వాలున రెండవ కొనను ఆ రాయి ఆకర్షించుచుండెను. అనగా గుట్ట యంతయు ఒక పెద్ద సూదంటురాయి. కొండలకు బరువు, రంగు, గట్టితనము ఉన్నట్లే, కంటికి కనబడని ఈ గుణము కూడ ఉండవచ్చునని నాడు అతని మనస్సున నాటుకొనెను.

ఆ యేటి చివరనే తల్లి మరణించెను. ఆమె ఆస్తిలో తన భాగము చేతికి రాగానే హంబోల్టు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, దూరదేశ యాత్రకు సిద్ధమయ్యెను. స్పెయిను రాజు అనుమతి దొరకెను. బాన్‌ప్లాన్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుని తోడుగా, 1799 జూను 5వ తేదీన ఓడ ఎక్కెను. వెంట నలుబదికి పైగా యంత్ర సాధనములు: బారోమీటర్లు, ఉష్ణమాపకములు, నక్షత్రముల ఎత్తు కొలుచునవి, ఆకాశపు నీలిమను సైతము కొలుచునవి. ఒక్కొక్క దానికి మఖమలు పరచిన పెట్టె.

ఈ పెట్టెలలోని అయస్కాంత సాధనములను గూర్చి కొంచెము వివరింపవలెను. మనమెరిగిన దిక్సూచి ముల్లు నేలకు సమముగా తిరిగి ఉత్తరమును చూపును. ముల్లును త్రాసుకోల వలె మీదికిని క్రిందికిని ఆడునట్లు అమర్చినచో అది ఒక వైపునకు వంగును. ధ్రువముల చెంత అది నిట్టనిలువుగా నిలుచును. భూమి నడిమి ప్రాంతమున సమముగా పరుండును. ఈ వంపు ఒక కొలత. రెండవ కొలత బలమునకు సంబంధించినది. ముల్లును వ్రేలితో తాకి వదలిన ఉయ్యాలవలె ఊగును. భూమి గట్టిగా లాగుచోట త్వరత్వరగా ఊగును, మెల్లగా లాగుచోట నెమ్మదిగా ఊగును. పది నిమిషములలో ఎన్ని ఊపులో లెక్కించిన చాలును, ఆ చోటి బలము తెలియును. గడియారము, ఓపిక, కదలని చేయి తప్ప దీనికి మరేమియు అక్కరలేదు. హంబోల్టు ఐదేండ్లు, అడవిలోను, పడవ దిగిన ఇసుక తిన్నెలపైనను, కొండ శిఖరముల మీదను ఈ ఊపులు లెక్కపెట్టెను.

దారిలో టెనెరీఫు ద్వీపమందలి టైడె అగ్నిపర్వతమును ఎక్కెను. అదే ఆయన చూచిన మొదటి పెద్ద అగ్నిపర్వతము. జూలైలో దక్షిణ అమెరికా తీరమున కుమనా పట్టణము చేరెను. నవంబరు 4వ తేదీన అచట భూకంపము కలిగెను. జనులు కేకలు వేయుచు వీధులకు పరుగెత్తుచుండగా, ఇతడు తన ముల్లు దగ్గరకు పోయెను. భూకంపమునకు ముందున్న వంపునకును, తరువాతి వంపునకును భేదము కనబడెను. ఒరినోకో నదిపై ఆయన చేసిన ప్రయాణము, మొసళ్లు, దోమలు, విద్యుత్తు చేపలు ఇవన్నియు వేరొక గ్రంథము, వాటిని విడుచుచున్నాను.

1801లో క్విండియో కనుమ దాటునప్పటి ఒక విషయము మాత్రము చెప్పక విడువలేను. ఆ దారిలో దొరలను కుర్చీలలో కూర్చుండబెట్టి మనుష్యులే వీపున మోసికొనిపోవు ఆచారముండెను. హంబోల్టును, బాన్‌ప్లానును ఆ కుర్చీ ఎక్కుటకు నిరాకరించి, వానలో, బురదలో, పాదరక్షలు చినిగిపోగా కాలినడకనే పోయిరి. యంత్రముల పెట్టెలను మాత్రము కూలీలే మోసిరి. గొలుసు లాగినవాని పేరు పటముపై ఎక్కనట్లు, ఆ మోసినవారిలో పెక్కుమంది పేర్లు చరిత్రలో దొరకవు.

1802 జనవరిలో వారు కీటో నగరము చేరిరి. ఆ నగరమునకు దక్షిణమున రెండు వరుసలుగా అగ్నిపర్వతములు, మధ్యను లోయ. ఆరు నెలలు హంబోల్టు ఒక్కొక్కదానినే ఎక్కెను. పిచించా శిఖరమున అగ్నిబిలముపైకి చొచ్చియున్న రాతిబండపై బోర్ల పరుండి లోనికి చూచెను. బండ అదరుచుండగా ఆ అదురులను గడియారముతో లెక్కించెను. జూను 23వ తేదీన చింబొరాజోను ఎక్కెను. ప్రపంచమున అదియే అత్యున్నత శిఖరమని నాటి నమ్మకము. ఊపిరి ఆడక, చిగుళ్లనుండి రక్తము కారుచు, పొగమంచులో అడుగు కనబడక, తన బారోమీటరు లెక్కను సుమారు 5,880 మీటర్ల ఎత్తువరకు పోయెను. అచట దాటరాని గండి అడ్డుపడగా వెనుదిరిగెను. శిఖరము చేరకపోయినను, అంతవరకు అంత ఎత్తునకు పోయి కొలతలు తెచ్చినవారు లేరు.

ఈ కొండల మధ్యనే గురువు బోధ సడలిపోయెను. బొగ్గుపొరలు లేనిచోట వందల మైళ్ల పొడవున కొండలు మండుచున్నవి. ఒక కొండ ఊరకున్నప్పుడు వేరొకటి ఉరుమును. అవి ఎచటబడిన అచట లేవు. తాడు పట్టి వేసినట్లు వరుసగా నున్నవి. కావున వాటి అడుగున భూమిలో పొడవైన చీలిక ఉండవలెను. వాటి నిప్పు పైపొరలలోనిది గాక మిక్కిలి లోతులలోనిది కావలెను. నల్లరాయి నీటి మడ్డి కాదు, కరగిన రాయి చల్లారినదే. మెప్పు పొందిన తన మొదటి పుస్తకమునే అతడు ఈ విధముగా కాదనెను. ఐనను వెర్నర్ యెడల గౌరవమును ఎన్నడును విడువలేదు. మన శాస్త్రవాదములలో పూర్వపక్షమును నిందింపక ఖండించు పద్ధతి ఎరిగినవారికి ఇది నచ్చును.

చింబొరాజో ప్రక్కనున్న కరివైరాసో అను కొండను గూర్చి హంబోల్టు వ్రాసిపెట్టిన ఒక సంగతి ముందు మనకు పనికివచ్చును. 1698 జూను 19వ తేదీ రాత్రి ఆ కొండ తల కూలిపోయెనట. బురద ప్రవాహము పొలములను, పల్లెలను కప్పివేసెను. ఆ బురదలో చిన్న చేపలు సైతము ఉండెనని స్థానికులు చెప్పిరి. కొండ గర్భమున గుహలలో నీరు నిలిచి, అదరుటతో బయటపడినదని ఆయన ఊహ. నిలుచున్న కొండ ఏల కూలినది, ఏ కొండ కూలనున్నది అని ముందుగ తెలిసికొను ఉపాయము ఆయనకు లేదు.

పెరూ దేశమున కహమార్కకు పోవు దారిలో, భూమధ్యరేఖకు సుమారు ఏడు డిగ్రీలు దక్షిణమున, ఆయన వంపు ముల్లు సమముగా పరుండెను. అది అయస్కాంత మధ్యరేఖ. అచట ముల్లు పది నిమిషములలో 211 సార్లు ఊగెను. అదే ముల్లు పారిస్ నగరమున 245 సార్లు ఊగియుండెను. బలము ఊపుల వర్గమును అనుసరించును గనుక, 245ను 245చే హెచ్చించిన 60,025. 211ను 211చే హెచ్చించిన 44,521. మొదటిదానిని రెండవదానిచే భాగించిన 1.348. అనగా పెరూలో ఒక రూపాయి ఉన్న బలము పారిసులో రూపాయి ముప్పదియైదు పైసలకు రవ్వంత తక్కువ. మధ్యరేఖనుండి ధ్రువముల వైపు పోవుకొలది భూమి యొక్క అయస్కాంత బలము పెరుగుచున్నదని దీనివలన స్థిరపడెను. తాను కనుగొన్నవానిలో దీనినే ఆయన ముఖ్యముగా ఎంచెను. మూడు దశాబ్దముల పాటు ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు పెరూలోని ఆ చోటి బలమునే ‘ఒకటి’గా పెట్టుకొని లెక్కలు కట్టిరి.

తరువాత మెక్సికో. అచట హోరుయో అను అగ్నిపర్వతము కలదు. దాని పుట్టినరోజు తెలియును. 1759 సెప్టెంబరు 29వ తేదీకి ముందు అది చెరకు, నీలిమందు పండు మాగాణి. ఆ రాత్రి భూమి పగిలి నిప్పు లేచెను. పదునైదేండ్లు ఆగక కురిసెను. తమకు మర్యాద చేయనందున సన్న్యాసులు కొందరు ఆ భూమిని శపించిరని చుట్టుప్రక్కల రైతులు చెప్పుకొనుచుండిరి. హంబోల్టు 1803 సెప్టెంబరులో పోయి, దాని బిలములోనికి దిగి, వేడి కొలిచెను. చుట్టును వేలకొలది చిన్న పుట్టలు పొగలు చిమ్ముచుండెను. భూమి బుడగవలె ఉబ్బి కొండయైనదని ఆయన సిద్ధాంతము చేసెను. ఈ సిద్ధాంతము నిలువలేదు. లోనుండి వెలువడిన బూడిద, రాళ్లు, లావా కుప్పపడియే ఆ కొండ పెరిగినదని తరువాతివారు నిరూపించిరి. ఆయన కొలతలు నిలిచినంతగా ఆయన ఊహలు నిలువలేదనుట న్యాయము.

1804 ఆగస్టులో హంబోల్టు ఫ్రాన్సు చేరెను. సరిగా అదే నెలలో పారిసులో ఒక అపూర్వ ప్రయోగము జరిగెను. బియో, గే-లుస్సాక్ అను యువ శాస్త్రజ్ఞులిద్దరు బెలూనులో ఆకాశమునకు లేచిరి. పైకి పోయినకొలది భూమి యొక్క అయస్కాంత బలము తగ్గునా అని కనుగొనుట వారి ముఖ్యోద్దేశము. సెప్టెంబరు 16వ తేదీన గే-లుస్సాక్ ఒంటరిగా 7,016 మీటర్ల ఎత్తునకు పోయెను. బెలూను గిరగిర తిరుగుచుండగా, చేతులు కొంకర్లు పోవుచుండగా, అతడును ముల్లు ఊపులనే లెక్కపెట్టెను. తగ్గుదల ఏమియు కనబడలేదు. నిజమునకు ఆ ఎత్తున తగ్గుదల మూడువందలలో ఒక వంతు మాత్రమే గనుక ఊగు ముల్లుతో అది తెలియుట అసాధ్యము. ఐనను మానవుడు ఆకాశమునుండి భూమి యొక్క అయస్కాంతమును కొలిచిన మొదటి సంవత్సరము అదియే.

ఈ గే-లుస్సాక్ అంతకుముందే హంబోల్టు గాలిని గూర్చి చేసిన ప్రయోగములలో లోపములు చూపి కటువుగా విమర్శించియుండెను. ఒక విందులో అతనిని చూచి హంబోల్టు తానే ముందుగా పోయి చేయి చాచెను. నాటినుండి వారు ప్రాణమిత్రులు. 1805 మార్చిలో ఇద్దరును ముల్లు తీసికొని ఆల్ప్సు పర్వతములు దాటి ఇటలీ దేశమునకు బయలుదేరిరి. దారిపొడవున వంపును, బలమును కొలిచిరి. నేపుల్సులో వెర్నర్ శిష్యుడే యైన ఫాన్ బూఖ్ కూడ తోడుండగా వెసూవియసు కొండను పలుమార్లు ఎక్కిరి. ఆగస్టు 12వ తేదీ రాత్రి వారి కన్నుల యెదుటనే అది ప్రేలి లావా ప్రవహించెను. ఆకాశమున ముల్లును మోసినవాడును, అగ్నిబిలముల చెంత ముల్లును మోసినవాడును ఒకే కొండపై నిలిచి ఆ ప్రవాహమును చూచిరి. ఆ ప్రవాహము చల్లారునప్పుడు దానిలో ఏమి జరుగునో ఇద్దరికిని తోచలేదు.

బెర్లినునకు తిరిగివచ్చి 1806, 1807 సంవత్సరములలో ఆయన ఒక తోటలో ముల్లును ఏర్పరచి, రాత్రులు అరగంటకొకమారు దాని కదలికను చూచి వ్రాసెను. సహాయకుడు ఒక్కడే. ఆరువేల కొలతలు సేకరించిరి. ముల్లు దినమునకు ఒక క్రమముగా అటునిటు కదలును. కొన్ని రాత్రులు, ముఖ్యముగా ఉత్తరాకాశమున కాంతులు కనబడు రాత్రులు, క్రమము తప్పి అల్లాడును. దానికి ఆయన అయస్కాంతపు తుఫాను అని పేరు పెట్టెను. ఆ పేరు నేటికిని వాడుకలో నున్నది.

పారిసునందు ఇరువదియేండ్లు కూర్చుండి యాత్రా గ్రంథములను ముప్పదికి దగ్గరగా సంపుటములలో ప్రకటించెను. తల్లి ఇచ్చిన ఆస్తి యంతయు యాత్రకును అచ్చునకును కరగిపోయెను. హిమాలయములను, హిందూదేశమును చూడవలెనని ఆయన పెద్ద కోరిక. అందులకై లండనునకు పలుమార్లు పోయి వేడినను ఈస్టిండియా కంపెనీవారు అనుమతి ఇయ్యలేదు. స్పానిషు దొరల పాలనలో చూచిన అన్యాయములను వ్రాసినవాడు తమ పాలనను గూర్చియు వ్రాయునని వారి భయమని పలువురి అభిప్రాయము. రష్యా చక్రవర్తి పిలువగా 1829లో, అరువదవ యేట, సైబీరియా మీదుగా చీనా సరిహద్దువరకు గుఱ్ఱపు బండ్లలో పోయి వచ్చెను.

గ్రంథాలయ సభ్యులు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. 1827 చలికాలమునుండి బెర్లినులో ఆయన ప్రకృతిని గూర్చి వరుసగా ఉపన్యాసములు ఇచ్చెను. రుసుము లేదు. రాజకుటుంబము వచ్చెను, బండివాండ్రును తాపీపనివారును వచ్చిరి. స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేని ఆ దినములలో స్త్రీలు వందలుగా వచ్చిరి. గంటల తరబడి మంచులో నిలిచి చోటు సంపాదించుకొనిరట.

ఒక్కడు ఎంత తిరిగినను భూగోళమంతటను ఒకేసారి కొలుచుట కాదు గదా. కావున దేశదేశములలో ఒకే ముహూర్తమున ముల్లును చూచువారిని ఏర్పరచవలెనని ఆయన యత్నించెను. గౌస్ అను గణితశాస్త్రజ్ఞుని ఈ దారిలోనికి ప్రోత్సహించెను. రష్యాలో కేంద్రములు పెట్టించెను. 1836లో లండను రాయల్ సొసైటీ అధ్యక్షునకు లేఖ వ్రాసెను. తత్ఫలితముగా ఆంగ్లేయుల వలసలలో అయస్కాంత పరిశీలనశాలలు వెలసెను. వాటిలో ఒకటి మదరాసు. తనను దేశములో అడుగుపెట్టనీయని కంపెనీయే ఆయన ముల్లును మాత్రము 1840 ప్రాంతమున మదరాసునకును, బొంబాయికిని, సిమ్లాకును రానిచ్చెను! బొంబాయిలో విద్యుత్ ట్రాములు వచ్చినచో ముల్లు చెదరునని, 1904లో ఆ పరిశీలనశాలను అలీబాగునకు తరలించిరి. అచట అది నేటికిని పనిచేయుచున్నది.

ముసలితనమున ఆయన ‘కాస్మాస్’ అను మహాగ్రంథమును వ్రాసెను. 1845లో మొదటి సంపుటము వెలువడెను. 1858లో, ఎనుబదితొమ్మిదవ యేట, వెలువడిన నాలుగవ సంపుటమున భూమి అయస్కాంతమును, అగ్నిపర్వతములును రెండును కలవు. ఒకటి ముగిసిన తరువాత రెండవది. బానిసత్వమునకు ఆయన జీవితాంతము శత్రువు. ప్రష్యా నేలపై అడుగుపెట్టిన ప్రతి బానిసయు స్వతంత్రుడగునను 1857వ సంవత్సరపు శాసనము ఆయన కృషి ఫలితమే. ఏటికి రెండుమూడువేల ఉత్తరములు వచ్చుచుండగా, దయచేసి వ్రాయకుడని చివరకు పత్రికలలో ప్రకటించుకొనెను. 1859 మే 6వ తేదీన మరణించెను. పెండ్లి లేదు, బిడ్డలు లేరు. మిగిలిన సామానులు నౌకరుకు చెందెను.

ఆయన గ్రంథమున ప్రక్కప్రక్కనే ఉండియు కలియని ఆ రెండు విషయములను కలిపినది మెల్లోని. రాజకీయ కారణములచే దేశభ్రష్టుడైన ఈ ఇటలీ శాస్త్రజ్ఞుడు స్వదేశమునకు తిరిగివచ్చుటకు హంబోల్టు సిఫారసు తోడ్పడెను. అతడు వెసూవియసు లావాలను పరీక్షించి, ప్రతి లావాయు అయస్కాంతమేనని 1853లో చెప్పెను. కారణమిది. నల్లరాతిలో మాగ్నెటైటు అను ఇనుపధాతువు రేణువులు కలవు. రాయి కరగియున్నంతకాలము వాటికి అయస్కాంత గుణము లేదు. చల్లారుచు సుమారు 580 డిగ్రీలకు దిగగానే, ఆ నిమిషమున భూమి అయస్కాంతము ఎటు లాగుచున్నదో అటు తిరిగిన ముద్ర వాటిలో పడును. రాయి మరల అంత వేడికి కాగనంతవరకు సామాన్యముగా అది చెరగదు. 1906లో ఫ్రాన్సునందు బ్రూన్ అను ఆయనకు తలక్రిందులైన ముద్రగల లావా దొరకెను. భూమి అయస్కాంతమే పూర్వము తారుమారైనదన్నమాట. 1929లో జపానునందు మతుయామా దీనిని బలపరచెను.

ఇది పరదేశముల ముచ్చటయే కాదు. రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్నము ప్రాంతమునను కంకరకొఱకు కొట్టు నల్లరాయి లావాయే. సుమారు ఆరున్నర కోట్ల యేండ్ల క్రిందట, పడమటి కనుమల వైపునుండి వందల మైళ్లు ప్రవహించి వచ్చినదని పలువురు శాస్త్రజ్ఞుల మతము. అందు క్రింది పొర ముద్ర తలక్రిందులు, మీది పొర ముద్ర నేటివలె. రెంటి నడుమ భూమి అయస్కాంతము తిరుగబడినది. దక్కను లావాల ముద్రలోని వంపును కొలిచి, అవి గడ్డకట్టిననాడు మన దేశము భూమధ్యరేఖకు దక్షిణమున ఉండెనని 1956లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు తేల్చిరి. హంబోల్టు పెరూలో కొలిచిన వంపే ఈ లెక్కకు మూలము.

ఇక విమానముల మాట. రెండవ ప్రపంచయుద్ధమున నీటిలో దాగిన జలాంతర్గాములను పసిగట్టుటకై విమానముపై అమర్చు అయస్కాంతమాపకమును అమెరికావారు సిద్ధము చేసిరి. 1944లో దానినే పెన్సిల్వేనియాలో రాళ్లను వెదకుటకు వాడిరి. యుద్ధానంతరము అగ్నిపర్వతములపైనను ఎగురవేసిరి. పద్ధతి పొలము దున్నినట్లుండును. విమానమో హెలికాప్టరో నాగలిచాళ్లవలె సమాంతర రేఖలపై పోవుచు వచ్చుచు క్షణక్షణమునకు బలమును నమోదు చేయును. నేలపై ఒక చోట కదలని యంత్రమును ఉంచి, హంబోల్టు బెర్లిను తోటలో చూచిన దినదినపు మార్పును లెక్కనుండి తీసివేయుదురు. అయస్కాంతపు తుఫాను వచ్చిన దినమున ఎగురరు. భూమి అంతటి సామాన్య బలమును కూడ తీసివేసిన తరువాత మిగిలినది క్రింది రాళ్లది. దట్టమైన అడవి, మంచు, మట్టి ఏవియు దీనికి అడ్డుకావు.

అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమున రెయినియరు అను 4,392 మీటర్ల అగ్నిపర్వతము కలదు. శిఖరము మంచుతో కప్పియుండును. దాని లోపల గంధకపు ఆవిరులును, ఆమ్లముతో కూడిన వేడినీరును రాళ్లను కొన్నిచోట్ల తినివేసి మెత్తని మట్టిగా మార్చినవి. అట్లు మారినచోట మాగ్నెటైటు నశించును. అయస్కాంత ముద్రయు నశించును. 1996లో దానిపై హెలికాప్టరును త్రిప్పి, అయస్కాంతముతోపాటు విద్యుత్ ప్రసారమును కూడ కొలిచిరి. మంచు క్రింద గట్టిరాయి ఎచట, కుళ్లినరాయి ఎచట అని 2001లో పటము ప్రకటించిరి. ఎత్తున పడమటి పార్శ్వముననే కుళ్లినరాయి అధికము. సుమారు 5,600 యేండ్ల క్రిందట ఈ కొండ తల కూలి బురద సముద్రమువరకు పోయెను. ఐదువందల యేండ్ల క్రిందట పడమటి పార్శ్వము కూలి వచ్చిన బురద, నేడు ఆర్టింగు అను పట్టణమున్న లోయను నింపెను. కరివైరాసో వార్త విని హంబోల్టు ఊహతో సరిపెట్టుకొనవలసి వచ్చినచోట, నేడు పటము చేతబట్టి ఏ లోయకు అపాయము హెచ్చో చెప్పగలుగుచున్నారు. కూలు దినము మాత్రము ఆ పటమున లేదు.

ఆర్టింగు పట్టణమున అపాయ సూచకముగా కూయు సైరనులు నెలకొల్పిరి. బడిపిల్లలచే అభ్యాసము చేయింతురు. సైరను కూయగానే పుస్తకములు బల్లలపైననే విడిచి, ఉపాధ్యాయుల వెంట వరుసగా, ఎత్తైన చోటికి నడచిపోవుదురు.